కోడింగ్, రీసెర్చ్ కంప్యూటింగ్ వర్క్‌షాపులు: తరచుగా అడిగే ప్రశ్నలు

యూనివర్సిటీల్లో పరిశోధకుల కోసం జరిగే కంప్యూటింగ్ శిక్షణలకి నేను మొదట నేర్చుకోవడానికే వెళ్ళాను. ఆ తర్వాత సహాయకుడిగా బల్లల మధ్య తిరిగాను. ఇప్పుడు ముందు నిలబడి పాఠం చెప్తున్నాను. మూడు చోట్లా విన్న ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటిని, నేను చెప్పే జవాబులని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఈ వర్క్‌షాపులు ఎవరి కోసం?

పరిశోధనలో డేటాతో పనిపడే వాళ్ళందరి కోసం. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, ఆర్థికశాస్త్రం, భాషాశాస్త్రం, చరిత్ర, ఏ విభాగం వాళ్ళైనా సరే. పీజీ విద్యార్థులు, రీసెర్చ్ స్కాలర్లు, అధ్యాపకులు, లైబ్రరీ సిబ్బంది ఒకే గదిలో కూర్చుంటారు. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఇవి అక్కర్లేదనుకుంటారు గానీ, డిగ్రీలో అల్గారిథమ్‌లు బాగా చదివి ఫోల్డర్ సర్దుకోవడం మాత్రం రాని వాళ్ళని చాలామందిని చూశాను.

ఈ శిక్షణల వెనక చిన్న కథ ఉంది. 1998లో గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా అనే ఇద్దరు అమెరికాలోని లాస్ ఆలమోస్ నేషనల్ లేబొరేటరీలో శాస్త్రవేత్తల కోసం 'సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ' అనే శిక్షణ మొదలుపెట్టారు. కార్పెంట్రీ అంటే వడ్రంగం. ఆకాశహర్మ్యాలు కట్టే ఇంజనీరింగు కాదు, ఇంట్లో అలమర చేసుకునేంత పనితనం చాలు అన్నది ఆ పేరులోని భావం. తర్వాత డేటా కార్పెంట్రీ, లైబ్రరీ కార్పెంట్రీ వచ్చాయి. 2018 నుంచి ఇవన్నీ 'ది కార్పెంట్రీస్' అనే ఒకే గొడుగు కింద ఉన్నాయి. ఇప్పుడు యూనివర్సిటీల్లో జరిగే రెండు రోజుల శిక్షణల్లో చాలావాటికి నమూనా అదే.

నాకు కోడింగ్ అసలు రాదు. రావచ్చా?

రావచ్చు. ప్రాథమిక స్థాయి వర్క్‌షాపు మీకోసమే పెడతారు. ఫైలు ఎక్కడ సేవ్ అయిందో వెతికి పట్టుకోవడం వస్తే చాలు. ఇది తేలిగ్గా తీసుకోకండి, ఈమధ్య ఫోన్ల మీదే పెరిగిన వాళ్ళకి ఫోల్డరు లోపల ఫోల్డరు అన్న ఊహే కొత్తగా ఉంటోంది. వచ్చేముందు ఒక అరగంట మీ ల్యాప్‌టాప్‌లో ఫైళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో తిరిగి చూడండి.

రెండు రోజుల్లో ప్రోగ్రామింగ్ వచ్చేస్తుందా?

రాదు. వస్తుందని ఎవరైనా పోస్టరు మీద రాస్తే నమ్మకండి.

రెండు రోజుల్లో వచ్చేవి వేరే ఉన్నాయి. మొదటిది, భయం పోతుంది. రెండోది, సాయం అడగడానికి కావాల్సిన మాటలు వస్తాయి. "నా ప్రోగ్రాం పనిచెయ్యట్లేదు" అనే మనిషికి ఎవరూ ఏమీ చెప్పలేరు. "ఈ ఫైలు చదివేటప్పుడు మూడో కాలమ్‌ని అంకెలుగా కాకుండా టెక్స్ట్‌గా తీసుకుంటోంది, ఎందుకు?" అని అడిగితే రెండు నిమిషాల్లో జవాబు దొరుకుతుంది. మొదటి ప్రశ్న అడిగే మనిషిని రెండో ప్రశ్న అడిగేలా చేస్తే వర్క్‌షాపు తన పని తాను చేసినట్టే. నేను ఇంతకంటే ఎక్కువ ఆశించను, మిమ్మల్నీ ఆశించమనను.

ఏమేం నేర్పుతారు?

మామూలుగా మూడు ముక్కలు ఉంటాయి. కమాండ్ లైన్, అంటే మౌస్ బదులు కమాండ్లు టైపు చేసి కంప్యూటరుతో పని చేయించే యూనిక్స్ షెల్. గిట్‌తో వెర్షన్ కంట్రోల్, అంటే ఫైళ్ళలో చేసిన మార్పుల చరిత్ర దాచుకోవడం. పైథాన్ లేదా ఆర్ భాషలో డేటా చదవడం, శుభ్రం చెయ్యడం, గ్రాఫులు గియ్యడం. కొన్నిచోట్ల డేటాబేసుల కోసం ఎస్‌క్యూఎల్ కలుపుతారు. తర్వాతి స్థాయిలో క్లస్టర్ (కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపు) వాడకం, ఒకే పనిని ముక్కలు చేసి ఒకేసారి నడిపే సమాంతర ప్రోగ్రామింగ్, మెషీన్ లెర్నింగ్ లాంటివి విడిగా ఉంటాయి. మొదటి స్థాయి దాటకుండా నేరుగా మెషీన్ లెర్నింగ్‌కి దూకే వాళ్ళు ప్రతి విడతలోనూ ఉంటారు. మొదటి గంటలోనే ఫైలు దారి దొరక్క ఆగిపోతారు.

ఇన్నేళ్ళూ ఎక్సెల్‌తో నడిచింది. అది చాలదా?

డేటా ఎక్కించడానికి, ఒకసారి కళ్ళతో చూసుకోవడానికి ఎక్సెల్ మంచిదే. నేనూ వాడతాను. చిక్కు ఎక్కడంటే, అందులో చేసిన పనికి జాడ ఉండదు. ఏ గడిలో ఏది మార్చారో, ఏ వరస తీసేశారో మూడు నెలల తర్వాత మీకే గుర్తుండదు. పైగా అది మనల్ని అడక్కుండా సాయం చేస్తుంది.

జన్యువుల పేర్ల గొడవ ఇందుకు మంచి ఉదాహరణ. మనిషి జన్యువుల్లో 'సెప్ట్2', 'మార్చ్1' అనే పేర్లున్నవి ఉండేవి. ఎక్సెల్ వాటిని చూసి సెప్టెంబరు 2, మార్చి 1 అనుకుని తేదీలుగా మార్చేసేది. 2016లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, ఎక్సెల్ ఫైళ్ళలో జన్యు జాబితాలు జతచేసిన పత్రాల్లో దాదాపు ఐదో వంతు వాటిలో ఇలాంటి తప్పులున్నాయి. చివరికి 2020 నాటికి పేర్లు పెట్టే సంఘమే దిగివచ్చి, ఆ జన్యువుల పేర్లనే 'సెప్టిన్2', 'మార్చ్‌ఎఫ్1' అని మార్చింది. సాఫ్ట్‌వేర్ కోసం జన్యువు పేరు మార్చుకోవాల్సి వచ్చిందన్నమాట!

ఆర్థికశాస్త్రంలో ఇంకా పెద్దది జరిగింది. ప్రభుత్వ రుణం బాగా ఎక్కువైతే అభివృద్ధి పడిపోతుందని చెప్పిన రైన్‌హార్ట్, రోగాఫ్‌ల 2010 పత్రం చాలా దేశాల్లో పొదుపు విధానాల చర్చల్లో వినిపించింది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి క్లాసు అసైన్‌మెంట్ కోసం ఆ లెక్కలు తిరిగి చేస్తే సరిపోలేదు. రచయితల దగ్గర స్ప్రెడ్‌షీట్ తెప్పించుకుని చూశాడు. సగటు ఫార్ములాలో వరసలు ముందే ఆగిపోయి ఐదు దేశాలు చేరలేదు. ఇంకా కొన్ని ఎంపికల మీదా అభ్యంతరాలు వచ్చాయి. అన్నీ సరిచేస్తే, అధిక రుణమున్న దేశాల సగటు అభివృద్ధి రేటు మైనస్ 0.1 శాతం కాదు, 2.2 శాతం అని ఆ విద్యార్థి, అతని అధ్యాపకులు చూపించారు.

స్క్రిప్టులోనూ, అంటే ఏం చెయ్యాలో వరసగా రాసిపెట్టిన కోడ్ ఫైలులోనూ, తప్పులు దొర్లుతాయి. కాకపోతే స్క్రిప్టు చదవగలం. ఏ వరసలు తీసుకున్నామో అక్కడ అక్షరాల్లో రాసి ఉంటుంది, పక్కవాడు వేలు పెట్టి చూపించగలడు.

పైథాన్ నేర్చుకోవాలా, ఆర్ నేర్చుకోవాలా?

మీ పక్క బల్ల మీద వాళ్ళు ఏది వాడుతున్నారో అది. ఇది హాస్యానికి చెప్పడం లేదు. చిక్కుకున్నప్పుడు లేచి వెళ్ళి అడగడానికి మనిషి ఉండటం కంటే పెద్ద సుగుణం ఏ భాషకీ లేదు.

అలా ఎవరూ లేకపోతే, గణాంకశాస్త్రం ఎక్కువగా ఉండే పనికి ఆర్ హాయిగా ఉంటుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు గణాంకవేత్తలు తయారుచేసిన భాష అది, 1.0 వెర్షన్ 2000లో వచ్చింది. గీడో వాన్ రోసమ్ 1991లో బయటపెట్టిన పైథాన్ అన్నిరకాల పనులకీ పనికొస్తుంది. టెక్స్ట్, బొమ్మలు, మెషీన్ లెర్నింగ్ మీ దారైతే అటు వెళ్ళండి. ఒకటి వచ్చాక రెండోది నేర్చుకోవడానికి మొదటిదానికి పట్టినంత కాలం పట్టదు. ఈ ఎంపిక మీద నెలలు గడిపిన వాళ్ళని చూశాను. ఆ నెలల్లో రెండూ వచ్చేవి.

ఆ నల్లటి తెర మీద కమాండ్లు టైపు చెయ్యడం ఎందుకు? మౌస్ ఉంది కదా?

ఒక ఫైలు పేరు మార్చాలంటే మౌస్ చాలు. ఎనిమిది వందల ఫైళ్ళ పేర్లు మార్చాలంటే? అక్కడే షెల్ పనికొస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లు 2017 నవంబరు నుంచీ అన్నీ యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ మీదే నడుస్తున్నాయి. యూనివర్సిటీ క్లస్టర్లదీ అదే దారి. వాటితో మాట్లాడాలంటే ఈ తెరే గుమ్మం.

1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్‌లో ఒక్కో కమాండు ఒక్క చిన్న పని చేస్తుంది. 1973లో వచ్చిన 'పైపు' వాటిని కలుపుతుంది, ఒకదాని నుంచి వచ్చింది రెండోదాంట్లోకి పోతుంది. వెతుకు, వరసగా పేర్చు, లెక్కపెట్టు అని మూడు కమాండ్లని గొలుసు కట్టి, తెరవడానికి కూడా మొరాయించే పెద్ద ఫైలులోంచి కావాల్సిన అంకె తీయడం చూసినప్పుడు గదిలో "ఓహ్" అని వినిపిస్తుంది. రెండు రోజుల్లో నాకు ఇష్టమైన క్షణం అదే.

ఒక జాగ్రత్త. తీసెయ్యడానికి వాడే 'ఆర్ఎం' కమాండుకి చెత్తబుట్ట లేదు. ఒకరోజు పని ముగించే తొందరలో 'టెంప్' అనే పేరుతో మొదలయ్యే ఫైళ్ళు తీసేద్దామని కమాండు కొట్టాను. టెంప్ తర్వాత వెంటనే నక్షత్రం గుర్తు పెట్టాలి. మధ్యలో ఒక ఖాళీ పడింది. 'టెంప్‌తో మొదలయ్యేవి తీసెయ్' అన్నది కాస్తా 'టెంప్‌ని తీసెయ్, ఈ ఫోల్డర్లో ఉన్న ప్రతి ఫైలునీ తీసెయ్' అయింది. అది మారు మాట్లాడకుండా చేసేసింది. ఆరు వారాల పని పోయింది, బ్యాకప్ లేదు. అప్పటినుంచీ నక్షత్రం గుర్తుతో ఏదైనా తీసేముందు అదే గుర్తుతో 'ఎల్ఎస్' కొట్టి, ఏమేం పోబోతున్నాయో చదువుకుంటాను. మీకూ అదే అలవాటు చేస్తాను.

గిట్ అంటే ఏమిటి? అది నాకెందుకు?

మీ ల్యాప్‌టాప్‌లో 'థీసిస్_ఫైనల్', 'థీసిస్_ఫైనల్_2', 'థీసిస్_ఇదే_ఫైనల్', 'థీసిస్_సార్_చూసింది' అని ఫైళ్ళు ఉన్నాయా? ఉంటే మీకు గిట్ కావాలి.

లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ పనికోసం 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన పనిముట్టు ఇది. ఫైలు ఒకటే ఉంటుంది. మీరు ఒక మజిలీకి చేరినప్పుడల్లా, ఏం మార్చారో ఒక వాక్యం రాసి నమోదు చేస్తారు. దాన్నే కమిట్ అంటారు. ఎప్పుడైనా ఏ పాత మజిలీకైనా వెనక్కి వెళ్ళొచ్చు, రెండిటి మధ్య తేడా వరస వరసగా చూడొచ్చు.

గిట్ మొదట్లో చికాకు పెడుతుంది. ఆ మాట ముందే చెప్తాను. దాని భాష వంకర, సందేశాలు బెదరగొట్టేలా ఉంటాయి. అందుకే మొదటిరోజు నాలుగు కమాండ్లే నేర్పడం మేలని నా అభిప్రాయం: మొదలుపెట్టడం, జతచెయ్యడం, కమిట్ చెయ్యడం, చరిత్ర చూడటం. బ్రాంచులు, మెర్జులు అవసరం వచ్చినప్పుడు. ఒంటరిగా పనిచేసే రీసెర్చ్ స్కాలరుకి ఈ నాలుగుతో ఏడాది గడుస్తుంది.

పెద్ద డేటా ఫైళ్ళని గిట్‌లో పెట్టకండి. అది కోడ్ కోసం, టెక్స్ట్ కోసం. గిట్‌హబ్ అయితే 100 ఎంబీ దాటిన ఫైలుని మామూలుగా తీసుకోదు కూడా. పాస్‌వర్డులు అసలే పెట్టకండి. తర్వాత ఫైలు తీసేసినా పాత కమిట్లలో అవి అలాగే ఉంటాయి.

గిట్, గిట్‌హబ్ ఒకటి కాదు. మొదటిది మీ కంప్యూటర్లో ఉండే పనిముట్టు. రెండోది ఆ ఫైళ్ళు దాచుకునే వెబ్‌సైటు.

క్లాసు ఎలా జరుగుతుంది? పీపీటీలేనా?

స్లైడ్లు దాదాపు ఉండవు. చెప్పేవాళ్ళు ఖాళీ తెర తెరిచి అందరి ముందు టైపు చేస్తూ వెళ్తారు, మీరు మీ ల్యాప్‌టాప్‌లో అదే చేస్తారు. దీనివల్ల రెండు లాభాలు. వాళ్ళు మీ వేగానికి దిగిరాక తప్పదు. పైగా వాళ్ళూ తప్పులు చేస్తారు, ఆ తప్పులోంచి ఎలా బయటపడ్డారో మీరు చూస్తారు. పుస్తకంలో దొరకనిది అదే.

కార్పెంట్రీ పద్ధతిలో ప్రతి ఒక్కరికీ రెండు రంగుల అంటించే చీటీలు ఇస్తారు. పని అయిపోతే ఒకటి, సాయం కావాలంటే రెండోది ల్యాప్‌టాప్ మూత మీద అంటించాలి. చెయ్యెత్తడానికి మొహమాటపడే వాళ్ళకి ఇది వరం. చెయ్యెత్తి కూర్చుంటే టైపు చెయ్యడం కుదరదు, చీటీ అంటిస్తే ఈలోగా ప్రయత్నిస్తూ ఉండొచ్చు.

మధ్యలో వెనకబడితే?

చీటీ అంటించండి. "ఒక్కడి కోసం క్లాసు ఆపడం ఎందుకులే" అని ఊరుకోవడమే ఎక్కువమంది చేసే తప్పు. మీరు ఆగిన చోటే ఇంకో నలుగురు ఆగి ఉంటారు, వాళ్ళూ అలాగే అనుకుంటూ ఉంటారు. సహాయకులు మీ కీబోర్డు లాక్కుని టకటకా కొట్టేస్తే "నేనే కొడతాను, ఏం కొట్టాలో చెప్పండి" అనండి. మంచి సహాయకుడు ఏమీ అనుకోడు.

ఎలాంటి ల్యాప్‌టాప్ కావాలి?

ఖరీదైనది అక్కర్లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ ఏదైనా సరే. సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే అనుమతి ఉండాలి, ఛార్జర్ తేవాలి. ట్యాబ్లెట్‌తో, ఫోన్‌తో కుదరదు. విండోస్ వాళ్ళకి షెల్ కోసం గిట్ బ్యాష్ గానీ, విండోస్‌లోనే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్ గానీ వేసుకోమంటారు.

ఇన్‌స్టాలేషన్ సూచనలు ముందే వస్తాయి. దయచేసి ముందురోజే చేసుకోండి. ముప్ఫైమంది ఒకేసారి ఒకే వైఫై మీద గిగాబైట్లు దించుకోవడం మొదలుపెడితే ఎవరికీ దిగదు. కుదరకపోతే కుదరలేదని ముందే చెప్పండి. చాలాచోట్ల క్లాసుకి ముందు అరగంట ఇందుకోసమే ఉంచుతారు. ఇన్‌స్టాలేషన్ మొత్తం శిక్షణలో అన్నిటికంటే కష్టమైన భాగం. అక్కడ తడబడితే మీకు కోడింగ్ రాదని అర్థం కాదు.

మీ విండోస్ యూజర్ పేరులో ఖాళీ గానీ, ఇంగ్లిష్ కాని అక్షరాలు గానీ ఉంటే కొన్ని ప్రోగ్రాములు పేచీ పెడతాయి. ఇది కూడా ముందే చెప్పండి.

ఎర్రర్ వస్తే టెన్షన్ వచ్చేస్తుంది. ఏం చెయ్యాలి?

చదవండి. నిజంగానే, చదవండి. ఎర్ర అక్షరాలు కనబడగానే చాలామంది చూపు తిప్పేసుకుంటారు. పైథాన్‌లో అయితే ఆఖరి వరస ముందు చదవాలి, ఏం జరిగిందో అక్కడ ఉంటుంది. తర్వాత పైకి వెళ్తూ మీ ఫైలు పేరు, వరస నంబరు ఎక్కడ కనబడుతుందో చూడాలి. 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అంటే ఆ ప్యాకేజీ (ఇతరులు రాసిపెట్టిన, మనం ఎక్కించుకుని వాడుకునే కోడ్) లేదు, లేదా వేరే పైథాన్‌లో ఉంది. 'కీ ఎర్రర్' అంటే మీరు అడిగిన కాలమ్ పేరు అక్కడ లేదు. పేరు చివర కనబడని ఖాళీ ఉందేమో చూడండి, తరచూ అదే ఉంటుంది.

ఎర్రర్ మీ మిత్రుడు అనే ఊకదంపుడు మాట నేను చెప్పను. కానీ ఎర్రర్ రాకుండా తప్పు జవాబు రావడం దానికంటే ఎంతో ప్రమాదం. 2006లో ఒక ప్రోటీన్ నిర్మాణ ప్రయోగశాల ఐదు పత్రాలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అక్కడ వాడిన ఒక చిన్న ప్రోగ్రాం రెండు కాలమ్‌లను తారుమారు చేసింది. ప్రోగ్రాం ఏ ఎర్రరూ చూపించలేదు, హాయిగా నడిచింది.

అందుకే జవాబు ముందే తెలిసిన చిన్న డేటా మీద కోడ్‌ని పరీక్షించడం నేర్పుతారు. ఐదు వరసల డేటాకి సగటు చేత్తో వెయ్యగలరు కదా. కోడ్ కూడా అదే చెప్పాలి. దశాంశాల దగ్గర ఒక విచిత్రం కూడా చూపిస్తారు. 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 అంటుంది. కంప్యూటరు పాడవలేదు. అది అంకెలను రెండు ఆధారంగా దాచుకుంటుంది, 0.1 అందులో సరిగ్గా ఇమడదు. కాబట్టి రెండు దశాంశాలు సమానమా అని నేరుగా అడక్కండి, తేడా చాలా చిన్నదా అని అడగండి.

కోడ్ అంతా ఏఐ రాసిపెడుతోంది. ఇంక నేర్చుకోవడం ఎందుకు?

ఈమధ్య ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఏఐ చాట్‌బాట్లు కోడ్ బాగానే రాస్తాయి, నేనూ వాడతాను. కానీ అవి ఇచ్చిన కోడ్ నడవడం వేరు, మీ ప్రశ్నకి సరైన జవాబు ఇవ్వడం వేరు. ఖాళీ గడులున్న వరసలను చెప్పకుండా పక్కన పడేసే కోడ్ ఇస్తాయి, లేని ప్యాకేజీ పేరు కూడా ధీమాగా చెప్తాయి. పత్రం మీద మీ పేరు ఉంటుంది, చాట్‌బాట్‌ది ఉండదు. చదివి అర్థం చేసుకోలేని కోడ్‌ని మీ లెక్కల్లోకి రానివ్వకండి.

నా సలహా ఇది: మొదటి వర్క్‌షాపు రెండు రోజులూ దాన్ని మూసి ఉంచండి. వేళ్ళకి ఆ కష్టం తెలియాలి. తర్వాత వాడండి, ముందు వివరణ అడగడానికి, ఆ తర్వాత రాయించడానికి. రోగుల వివరాలు, సర్వేలో పాల్గొన్నవాళ్ళ సమాధానాలు అందులో ఎప్పుడూ అతికించకండి.

మా యూనివర్సిటీలో క్లస్టర్ ఉందంటారు. నాకు అది అవసరమా?

మీ లెక్క ల్యాప్‌టాప్‌లో గంటలో అయిపోతుంటే అవసరం లేదు. రాత్రంతా నడిచినా అవకపోతే, లేదా మెమరీ చాలక ఆగిపోతుంటే, లేదా ఒకే లెక్కని వెయ్యి రకాల విలువలతో చెయ్యాల్సి వస్తే, అప్పుడు ఆలోచించండి. ముందు మాత్రం కోడ్‌ని ఒకసారి చూసుకోండి. లూపు లోపల ప్రతిసారీ అదే ఫైలు మళ్ళీ మళ్ళీ చదువుతూ, ల్యాప్‌టాప్ నెమ్మది అనుకునేవాళ్ళు ఉంటారు.

క్లస్టర్ అంటే ఒకే పెద్ద కంప్యూటరు కాదు. చాలా కంప్యూటర్లని వేగవంతమైన నెట్‌వర్కుతో కట్టిన గుంపు. మీరు లాగిన్ అయ్యేది వాటిలో గుమ్మంలాంటి ఒక కంప్యూటర్లోకి, దాన్నే నోడ్ అంటారు. అక్కడ భారీ లెక్కలు నడపకూడదు, అందరూ వచ్చిపోయే చోటు అది. నడిపితే అడ్మిన్ నుంచి మెయిల్ వస్తుంది, ఆ మెయిల్ మర్యాదగానే ఉంటుంది గానీ రెండోసారి అంత మర్యాదగా ఉండదు. మీ పనికి ఎన్ని కోర్లు (ప్రాసెసర్లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), ఎంత మెమరీ, ఎంతసేపు కావాలో ఒక స్క్రిప్టులో రాసి క్యూలో పెట్టాలి. చాలాచోట్ల ఈ క్యూని నడిపేది స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్. ఎందుకైనా మంచిదని వారం రోజులు అడిగితే, మీ పని వారం ఖాళీ దొరికేదాకా ఎదురుచూస్తుంది. మూడు గంటలని నిజం చెప్తే పెద్ద పనుల మధ్య సందులో దూరిపోతుంది. అలాగని మరీ తగ్గించి అడిగితే, సమయం అయిపోగానే మధ్యలోనే ఆపేస్తుంది. మొదట చిన్న డేటా మీద నడిపి, పట్టిన సమయం చూసుకుని, దాని మీద కాస్త కలిపి అడగడమే పద్ధతి.

ఎక్కువ కోర్లు అడిగితే అంత వేగం వస్తుందనుకోకండి. జీన్ ఆమ్‌డాల్ 1967లోనే ఈ లెక్క చెప్పాడు. ప్రోగ్రాంలో 95 శాతం సమాంతరంగా చెయ్యగలిగినా, మిగిలిన 5 శాతం వరసగానే జరగాలి కాబట్టి, ఎన్ని వేల కోర్లు పెట్టినా 20 రెట్లు మించి వేగం రాదు. పైగా మామూలు పైథాన్ స్క్రిప్టు ఒక్క కోర్ మీదే నడుస్తుంది. నలభై అడిగితే ముప్ఫైతొమ్మిది గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటాయి.

తెలుగు టెక్స్ట్ మీద పనిచేస్తున్నాను. ఇవి నాకు పనికొస్తాయా?

బాగా పనికొస్తాయి. రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఫైళ్ళను ఎప్పుడూ యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో దాచండి, ఎన్‌కోడింగ్ అంటే అక్షరాలను కంప్యూటరు అంకెలుగా దాచే పద్ధతి. సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) ఎక్సెల్‌లో తెరవగానే పిచ్చి గుర్తులు కనబడితే డేటా పాడైనట్టు కాదు, ఎక్సెల్ ఎన్‌కోడింగ్ తప్పుగా ఊహించింది. అలాగే సేవ్ చేస్తే మాత్రం నిజంగానే పాడవుతుంది. రెండోది, అక్షరాల లెక్క. 'తెలుగు' అనే మాట మన కంటికి మూడు అక్షరాలు. పైథాన్ పొడవు అడిగితే 6 అంటుంది, ఎందుకంటే ఎత్వం, కొమ్ములు విడివిడి సంకేతాలు. యూటీఎఫ్-8లో అదే మాట 18 బైట్లు. మాటల పొడవు మీద పరిశోధన చేసేవాళ్ళు ఇక్కడ బోర్లా పడతారు.

వర్క్‌షాప్‌కి నా సొంత డేటా తేవచ్చా?

తేవచ్చు, కానీ పాఠం నడిచేటప్పుడు ఇచ్చిన ఉదాహరణ డేటానే వాడండి. లేకపోతే మీ ఫలితం అందరి ఫలితంతో కలవదు. మీ డేటాని సాయంత్రం ప్రశ్నల సమయానికి ఉంచుకోండి. మనుషుల వ్యక్తిగత వివరాలున్నవైతే వాటిని తీసేసిన నకలు తెండి.

ఏడాది తర్వాత అదే స్క్రిప్టు నడవడం లేదు. ఎందుకు?

మీరు మారలేదు, కింద నేల మారింది. పైథాన్ 2కి 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది, దానికోసం రాసినవి చాలావరకు పైథాన్ 3లో ఉన్నపళంగా నడవవు. ఆర్ 4.0 వెర్షన్ 2020లో వచ్చినప్పుడు, టెక్స్ట్ కాలమ్‌లను చదివే డిఫాల్ట్ పద్ధతే మారింది. అందువల్ల పాత స్క్రిప్టులు కొన్ని వేరే ఫలితాలు ఇచ్చాయి. ప్రతి ప్రాజెక్టుకీ ఒక విడి ఎన్విరాన్‌మెంట్, అంటే దాని ప్యాకేజీలకి వేరే అర, పెట్టుకుని, ఏ ప్యాకేజీ ఏ వెర్షనో ఒక ఫైలులో రాసి కోడ్ పక్కనే ఉంచండి. పైథాన్‌లో కోండా గానీ వెన్వ్ గానీ, ఆర్‌లో ఆర్‌ఎన్వ్ ఈ పని చేస్తాయి.

మా గైడ్ "ఇవన్నీ ఎందుకమ్మా, ముందు పేపరు రాయి" అంటున్నారు.

చాలామంది గైడ్లు అలాగే అంటారు, వాళ్ళ తొందరకి కారణం లేకపోలేదు. వాదించకండి. మీరు ప్రతినెలా చేత్తో చేసే పని ఒకటి ఎంచుకోండి: పరికరం నుంచి వచ్చిన ఫైళ్ళు కలిపి గ్రాఫు గియ్యడం లాంటిది. దాన్ని స్క్రిప్టుగా మార్చండి. రివ్యూయర్ "ఆ మూడు నమూనాలు తీసేసి మళ్ళీ గ్రాఫులు గియ్యండి" అని అడిగినరోజు, సాయంత్రానికల్లా పన్నెండు గ్రాఫులూ మెయిల్ చెయ్యండి. తర్వాతి విడత వర్క్‌షాప్‌కి ఆయనే ఇంకో ఇద్దరిని పంపుతారు.

సర్టిఫికెట్ ఇస్తారా?

కొన్నిచోట్ల హాజరు పత్రం ఇస్తారు. మీరు రాసిన కోడ్, దాని చరిత్ర ఉన్న ఫోల్డరు, అంటే గిట్ రిపాజిటరీ, దానికంటే ఎక్కువ మాట్లాడుతుంది.

అయిపోయాక మర్చిపోతాను కదా?

మర్చిపోతారు. కమాండ్లు గుర్తుండకపోవడం తప్పు కాదు, నేను ఇప్పటికీ తేదీల ఫార్మాట్ రాసే ప్రతిసారీ వెతుక్కుంటాను. కానీ వారంలోపు మీ సొంత డేటా మీద ఒక్కసారైనా వాడకపోతే నెల తిరిగేసరికి అంతా మాయం. వర్క్‌షాపు నుంచి వెళ్ళేముందే కేలండర్లో రెండు గంటలు గుర్తు పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి వారానికోసారి కూర్చుని ఎవరి కోడ్ వాళ్ళు రాసుకున్నా చాలు. కొన్ని యూనివర్సిటీల్లో రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఉంటారు. 2012లో బ్రిటన్‌లో ఈ పేరు పుట్టింది. పరిశోధన తెలిసి, సాఫ్ట్‌వేర్ కూడా రాయగల వాళ్ళన్నమాట. మీ దగ్గర ఉంటే వాళ్ళ గది ఎక్కడో కనుక్కోండి.

ఆన్‌లైన్ మంచిదా, నేరుగా మంచిదా?

మొదటిది నేరుగా. పక్కన మనిషి ఉంటే ఇన్‌స్టాలేషన్ చిక్కులు తేలిగ్గా విడిపోతాయి. తర్వాతి స్థాయిలన్నీ ఆన్‌లైన్లో బాగానే నడుస్తాయి. అయితే రెండు తెరలు ఉండటం మేలు, ఒకదాంట్లో పాఠం, ఒకదాంట్లో మీ పని.

మా డిపార్ట్‌మెంట్లో మేమే ఒక వర్క్‌షాప్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోండి. కార్పెంట్రీస్ పాఠాలు క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ లైసెన్సులో ఉన్నాయి. మూలం ఎవరిదో చెప్తే చాలు, వాడుకోవచ్చు, మీకు తగ్గట్టు మార్చుకోవచ్చు. 'సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ వర్క్‌షాప్' అని పేరు పెట్టాలంటే మాత్రం వాళ్ళ నియమాలు పాటించాలి.

మొదటిసారి పెట్టేవాళ్ళు పాఠం మీద దృష్టి పెట్టి గదిని మర్చిపోతారు. ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఎన్ని కావాలో ముందే లెక్కపెట్టండి. ఆరేడుగురికి ఒక సహాయకుడు లేకపోతే చీటీలు అంటించి ఉపయోగం లేదు. బల్లల మధ్య నడిచే దారి ఉండాలి, గోడవైపు ఇరికించిన మనిషి దగ్గరికి సహాయకుడు వెళ్ళలేడు. తెర మీద అక్షరాలు వెనక వరస నుంచి చదివి చూడండి, మీరనుకున్నదానికంటే పెద్దవి కావాలి. పాఠంలో మూడో వంతు చెప్పకుండా మిగిలిపోతుందని ముందే ఒప్పుకుని, దేన్ని వదిలేస్తారో నిర్ణయించుకోండి.

పేరు నమోదు చేసుకుని రాలేకపోతే?

ఒక్క మెయిల్ పెట్టండి. వెయిటింగ్ లిస్టులో ఎవరో ఒకరు ఉంటారు. రెండు రోజుల ముందు చెప్తే వాళ్ళకి ఇన్‌స్టాలేషన్ చేసుకునే సమయం కూడా దొరుకుతుంది.